డిమెన్షియా ఉన్న పెద్దవారు కోపగించినప్పుడు, అనుమానించినప్పుడు, ఇల్లు వదిలి పోతామన్నప్పుడు ఏం చేయాలి

ఇంట్లో డిమెన్షియా, అంటే మతి క్రమంగా తగ్గిపోయే మెదడు జబ్బు, ఉన్న పెద్దవారిని చూసుకుంటున్నవారిని పలకరిస్తే, పేర్లు మరిచిపోవడం గురించి వారు ఒకటి రెండు మాటలే చెబుతారు. మిగిలిన గంటసేపూ వారు చెప్పేది వేరే ఉంటుంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పావుగంటకే ‘నాకు రెండు రోజులుగా తిండి పెట్టడం లేదు’ అని ఎదురింటివారితో చెప్పడం, బీరువా తాళాలు కోడలు దొంగిలించిందని కేకలు వేయడం, స్నానానికి లేపబోతే చెయ్యి కొరకడం, దీపాలు పెట్టే వేళకు చేతిసంచి సర్దుకుని ‘మా ఇంటికి పోతాను’ అంటూ గుమ్మం దగ్గర నిలబడటం, అర్ధరాత్రి ఇల్లంతా తిరగడం. జబ్బు నడిచే ఏళ్ళలో ఏదో ఒక దశలో ఇలాంటి ప్రవర్తనా మార్పులు దాదాపు ప్రతి రోగిలోనూ కనిపిస్తాయి. మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇన్ని ఇళ్ళలో జరుగుతున్నా చాలా కుటుంబాలు దీన్ని చాదస్తమనో, మొండితనమనో, గాలి సోకిందనో అనుకుని నాలుగు గోడల మధ్యే దాచుకుంటున్నాయి.

మా అమ్మకు ఈ జబ్బు వచ్చిన రెండో ఏడు, ప్రతి సాయంత్రం హాలు కిటికీ దగ్గర నిలబడి ‘ఎవరే నువ్వు, పో, పో’ అని అరిచేది. అక్కడ ఎవరూ లేరని మేము రోజూ వాదించాము, ఒక్కోసారి గద్దించాము కూడా. మూడు వారాల తరువాత గాని మాకు తెలియలేదు, బయట చీకటి పడి లోపల ట్యూబులైటు వెలిగాక కిటికీ అద్దంలో కనబడుతున్న తన నీడనే ఆమె పరాయి మనిషి అనుకుంటోందని. ఆ రోజు నుంచి ఐదున్నరకే తెర లాగడం మొదలుపెట్టాము, అరుపులు ఆగిపోయాయి. మేము ఇల్లు మార్చలేదు, మందు మార్చలేదు. అరుపుకు ముందు పది నిమిషాల్లో ఏం జరుగుతోందో చూడటం ఒక్కటే నేర్చుకున్నాము. కింద చెప్పబోయే అడుగులన్నీ ఆ ఒక్క పనిని పద్ధతిగా చేయడానికి ఉద్దేశించినవే.

మొదటి అడుగు: ఇది నిన్న మొన్నటి మార్పా, నెమ్మదిగా పెరిగినదా అని తేల్చుకోండి

డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. నిన్నటిదాకా ఒక తీరుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పూర్తిగా మారిపోతే, ఉదయం బాగుండి సాయంత్రానికి అయోమయంలో పడిపోతూ ఉంటే, పొంతన లేని మాటలు మాట్లాడుతూ లేని వస్తువులను గాలిలో పట్టుకోబోతే, లేదా ఎన్నడూ లేనంత మత్తుగా పడుకుని ఉంటే అది వేరే సంగతి. మన పెద్దలు దానినే సంధి అనేవారు, సంధి ప్రేలాపన అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఇంగ్లీషు వైద్యంలో డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, మూత్రం బిగబట్టుకుపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఉన్నట్టుండి మానేసిన మాత్ర, ఎవరూ చూడని వేళ కింద పడి తలకు తగిలిన దెబ్బ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మధుమేహానికి మాత్రలు వేసుకుంటూ ఏకాదశి ఉపవాసం ఉన్నవారిలో చక్కెర పడిపోయి ఇలాగే ప్రవర్తించడం జరుగుతుంది. వృద్ధులకు ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరం రావాలని లేదు. అందుచేత ఇలాంటి హఠాత్తు మార్పును ‘జబ్బు ముదిరింది’ అని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. చాలామందిలో కారణానికి చికిత్స జరిగితే పరిస్థితి మెరుగవుతుంది.

రెండో అడుగు: ఒక నోటు పుస్తకం పెట్టండి

మార్పు నెమ్మదిగా వచ్చినదని తేలాక చేయవలసిన పని రాయడం. బడి పిల్లల నోటు పుస్తకం చాలు. ప్రతి సంఘటనకు నాలుగు సంగతులు రాయాలి. ఏ రోజు, ఏ గంటకు జరిగింది, అంతకు ముందు ఏం జరుగుతోంది, రోగి సరిగ్గా ఏం చేశారు, ఏం అన్నారు, తరువాత మీరేం చేస్తే ఏమైంది. ‘అత్తయ్య ఈ రోజు బాగా గొడవ చేసింది’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ‘మంగళవారం సాయంత్రం ఆరుంబావు, టీవీలో గట్టిగా వార్తలు, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చి అరుస్తున్నారు, పనమ్మాయి గిన్నెలు తోముతోంది, అత్తయ్య చెంబు విసిరేసింది, లోపలి గదిలోకి తీసుకువెళ్ళి కూర్చోబెడితే పది నిమిషాల్లో సర్దుకుంది’ అని రాస్తే కారణమూ, విరుగుడూ అదే పేజీలో దొరుకుతాయి.

పది పదిహేను రోజులు రాశాక ఒకసారి కూర్చుని మొత్తం చదవండి. గొడవలు ఎక్కువగా ఒకే వేళకు వస్తున్నాయా, ఒకే మనిషి ఉన్నప్పుడు వస్తున్నాయా, స్నానం, బట్టలు మార్చడం వంటి ఒకే పని దగ్గర వస్తున్నాయా అన్నది తెలుస్తుంది. ఆ తరువాత అన్నింటినీ ఒకేసారి బాగుచేయాలని చూడకుండా, రోగికీ మీకూ ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతున్న ఒక్కదాన్ని ఎంచుకోండి. మాట మాటకూ చప్పట్లు కొట్టడం, ఒకే ప్రశ్న నలభైసార్లు అడగడం విసుగు పుట్టిస్తాయి గాని హాని చేయవు. వాటిని వదిలేయవచ్చు.

మూడో అడుగు: శరీరంలో బాధ ఉందేమో వెతకండి

నొప్పి ఉందని చెప్పగల మాట పోయినవారు ఆ నొప్పిని కేకగానో, దెబ్బగానో చూపిస్తారు. నార్వేలోని 18 వృద్ధ సంరక్షణ కేంద్రాలలో, డిమెన్షియాతో పాటు ఆందోళన, దురుసుతనం ఉన్న 352 మందితో చేసిన ఒక పరిశోధన 2011లో వెలువడింది. ఒక వర్గానికి ఎనిమిది వారాల పాటు పద్ధతి ప్రకారం నొప్పికి చికిత్స చేశారు. అందులో చాలామందికి ఇచ్చినది మామూలు పారాసెటమాల్. ఆ వర్గంలో ఆందోళన సగటున 17 శాతం తగ్గింది. కాబట్టి పెద్దవారు లేస్తున్నప్పుడు, ఒక పక్కకు తిరుగుతున్నప్పుడు, అన్నం నములుతున్నప్పుడు ముఖం ఎలా పెడుతున్నారో గమనించండి. మోకాళ్ళు, నడుము, పుచ్చిపోయిన పన్ను, వదులైన కట్టుడు పళ్ళు, కాలి గోరు లోపలికి పెరగడం, పిరుదుల మీద మొదలవుతున్న పుండు, ఇవన్నీ మీరే చూడాలి, వారు చెప్పరు. నొప్పి మాత్ర ఏది, ఎంత అన్నది వైద్యుడే చెప్పాలి. కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఇంట్లో ఉన్న మాత్ర తోచినట్టు ఇవ్వకూడదు.

విరేచనం ఎప్పుడయిందో పుస్తకంలో రాయండి. మూడు రోజులు కాకపోతే కోపానికి కారణం అదే కావచ్చు. కళ్ళజోడు తుడిచి పెట్టారా, శుక్లాలు ముదిరాయా, చెవిలో గులిమి పేరుకుందా, వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందా చూడండి. సరిగా కనబడక, వినబడక ఉన్నవారికి దూరంగా ఇద్దరు మాట్లాడుకుంటున్నా తన మీదే కుట్ర పన్నుతున్నట్టు తోస్తుంది. థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు ఒకసారీ చేయించకపోయి ఉంటే చేయించండి.

వేసుకుంటున్న మందుల చీటీలన్నీ ఒక్కచోట పెట్టి వైద్యుడికి చూపించడం ఈ అడుగులో ముఖ్యమైన భాగం. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వంటివి ఈ రోగులలో అయోమయాన్ని పెంచుతాయి. జ్ఞాపకశక్తికి ఇచ్చే డోనెపెజిల్ రాత్రి వేసుకుంటే కొందరికి భయంకరమైన కలలు వస్తాయి, వైద్యుడిని అడిగి ఉదయానికి మార్చుకోవచ్చు.

నాలుగో అడుగు: ఇంటినీ రోజునూ సర్దండి

రోజూ ఒకే వేళకు ఒకే పని జరిగితే, జ్ఞాపకం చేయలేని పనిని అలవాటు చేస్తుంది. కాఫీ, స్నానం, పూజ, భోజనం, కునుకు, నడక, రాత్రి భోజనం ఒకే వరుసలో జరగనివ్వండి. ఆ వరుస వారి పాత జీవితానికి దగ్గరగా ఉండాలి. నలభై ఏళ్ళు తెల్లవారుజామున స్నానం చేసి గాని కాఫీ ముట్టని మనిషిని పదింటికి స్నానం చేయమంటే ఎదురు తిరగడంలో వింత లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో తల్లిదండ్రులను కొడుకులు, కూతుళ్ళు వంతులు వేసుకుని రెండేసి, మూడేసి నెలలు చూసుకోవడం మామూలే. భారం సమానంగా పంచుకోవాలన్న ఉద్దేశం మంచిదే గాని డిమెన్షియా ఉన్నవారికి ఈ పద్ధతి తీరని హాని చేస్తుంది. కొత్త ఇంట్లో బాత్రూము ఏ వైపుందో నేర్చుకునేలోపే వారిని మళ్ళీ రైలెక్కిస్తున్నాము. పెద్దవారిని ఒకేచోట ఉంచి, చూసుకునేవారే వంతులవారీగా అక్కడికి రావడం మేలు. అది కుదరని కుటుంబాలలో, రాలేనివారు ఖర్చు భరించి, దగ్గర ఉన్నవారికి మనిషిని పెట్టించాలి. అమెరికాకో ఆస్ట్రేలియాకో తీసుకువెళ్ళాలనుకునేవారు ఇంకొకటి ఆలోచించాలి. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో తరువాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగులుతుంది. ఉద్యోగమంతా ఇంగ్లీషులో చేసిన నాన్నగారు కూడా చివరకు తెలుగులోనే మంచినీళ్ళు అడుగుతారు, ఆ మాట అర్థమయ్యే మనిషి పగలంతా పక్కన ఉండాలి.

ఇంటి సర్దుబాట్లలో ఎక్కువ ఫలితమిచ్చేవి వెలుతురు, చప్పుడు. సాయంత్రం నీడలు పడకముందే లైట్లు వేయండి, తెరలు లాగండి, అద్దం చూసి భయపడుతుంటే దానికి గుడ్డ కప్పండి. వినేవారు లేనప్పుడు టీవీ కట్టేయండి. నేర వార్తలు, ఏడుపుల సీరియళ్ళు నిజంగా ఇంట్లో జరుగుతున్నాయని నమ్మేవారున్నారు. పాత ఘంటసాల పాటలు, విష్ణు సహస్రనామం, చర్చి కీర్తనలు, ఖురాన్ పఠనం, ఎవరికి ఏది అలవాటైతే అది, గొడవ మొదలయ్యే వేళకు అరగంట ముందు నెమ్మదిగా పెట్టి చూడండి.

చేతులకు పని ఉండాలి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, ఒత్తులు చేయడం, పూలు కట్టడం, తువ్వాళ్ళు మడతపెట్టడం, పాత పాసుపుస్తకాలు, రసీదులు వరుసగా పేర్చడం వంటివి పగలు ఒక అరగంట చేయించండి. పని సరిగా వచ్చిందా లేదా అన్నది ముఖ్యం కాదు. మడత పెట్టినవాటినే విప్పి మళ్ళీ ఇవ్వవచ్చు, కాని వారి కళ్ళ ముందు విప్పకండి, ఆ అవమానం వారికి తెలుస్తుంది.

ఐదో అడుగు: గొడవ జరుగుతున్నప్పుడు ఎలా మాట్లాడాలో ముందే సిద్ధపడండి

అన్నిటికీ పనికొచ్చే నియమాలు కొన్నే. ఎదురుగా, కళ్ళకు కనిపించేలా వచ్చి, వరస పెట్టి పిలిచి, అప్పుడు మాట్లాడండి. వెనక నుంచి ముట్టుకోకండి. ఒక్క వాక్యంలో ఒక్క పనే చెప్పండి, జవాబుకు వేచి ఉండండి. ‘గుర్తు లేదా? ఇప్పుడే కదా చెప్పాను’ అన్న మాట ఇంట్లో ఎవరూ వాడకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి సర్దిచెప్పబోతే గందరగోళం పెరుగుతుంది, మాట్లాడేవారు ఒక్కరే ఉండాలి. ఇక ఎక్కువగా ఎదురయ్యే సందర్భాలు చూద్దాం.

దొంగతనం నింద కోడళ్ళను కుంగదీసినంతగా మరేదీ కుంగదీయదు. అయితే అనుమానం, వైద్యులు ఈ జబ్బును గుర్తించిన తొలినాళ్ళ నుంచే తెలిసిన లక్షణం. డిమెన్షియాలలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ వ్యాధికి ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో మొదట చూసిన రోగి, 51 ఏళ్ళ ఆగస్టె డెటెర్, తొలుత చూపిన మార్పులలో ఒకటి భర్త మీద అకారణమైన అనుమానమే. వస్తువు ఎక్కడ పెట్టారో గుర్తులేనప్పుడు, ఎవరో తీశారన్నదొక్కటే ఆ మెదడుకు అందే జవాబు. రోజంతా కళ్ళ ముందు ఉండేది మీరే కాబట్టి నింద మీ మీదికే వస్తుంది.

ముందుగా వస్తువు నిజంగా పోలేదని నిర్ధారించుకోండి. మతి తప్పినవారిని మోసగించేవారూ ఉంటారు, ప్రతి ఫిర్యాదునూ జబ్బు కింద కొట్టేయడం తప్పు. ఆ తరువాత ‘నేను తీయలేదు’ అని వాదించకుండా ‘అయ్యో, గొలుసు కనబడకపోతే ఎవరికైనా కంగారే అత్తయ్యా, పదండి వెతుకుదాం’ అనండి. వెతుకుతూ వెతుకుతూ వారు దాచే చోట్లు తెలుసుకోండి. బియ్యం డబ్బా, దిండు గలీబు, పాత చీర మడతలు, పూజ గూడు సాధారణంగా ఆ చోట్లు. దొరికినప్పుడు వారి చేతే తీయించండి. అసలు నగలు లాకరులో పెట్టి, అలాంటి గిల్టు గొలుసు, తాళాల గుత్తికి నకలు గుత్తి, చిన్న నోట్లున్న పర్సు దగ్గర ఉంచడం చాలా ఇళ్ళలో పనిచేసింది. ఇరుగుపొరుగుకూ బంధువులకూ జబ్బు సంగతి ముందే చెప్పండి. దాచిపెట్టిన ఇళ్ళలోనే ‘కోడలు తిండి పెట్టడం లేదట’ అన్న మాట ఊరంతా తిరుగుతుంది.

తిన్నది మరిచి అన్నం అడిగితే, తిన్నారని రుజువు చేయబోవద్దు. ‘కుక్కర్ పెట్టానమ్మా, దిగేలోగా ఈ మజ్జిగ తాగు’ అని చిన్న గ్లాసు ఇవ్వండి. ఒకే భోజనాన్ని రెండు భాగాలు చేసి గంట తేడాతో పెట్టడం మరో దారి.

‘ఇంటికి పోతాను’ అన్నవారికి ‘ఇదే నీ ఇల్లు’ అని చెప్పడం మనకు సహజంగా తోస్తుంది, అది వారిని మరింత బెదరగొడుతుంది. ఆ ఇల్లు చాలాసార్లు వారు పుట్టిన ఊరి ఇల్లు, అమ్మ ఉన్న ఇల్లు. ఒక్కోసారి మూత్రానికి వెళ్ళాలన్నా, అలసటగా ఉన్నా, భయంగా ఉన్నా ఆ మాటే నోటికి వస్తుంది. ‘మీ ఇంట్లో బావి ఉండేదా అమ్మా? ఎవరెవరు ఉండేవారు?’ అని అడుగుతూ పక్కన నడవండి. కుదిరితే చెప్పులు వేయించి వీధి చివరి దాకా తీసుకువెళ్ళి వెనక్కు తీసుకురండి. తిరిగి వచ్చినప్పుడు అది ఇల్లుగా కనబడటం నేను చాలాసార్లు చూశాను. చనిపోయిన భర్త ఎక్కడని అడిగినప్పుడు కూడా ఇంతే. పోయారని చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది మొదటిసారి విన్న కబురే, ప్రతిసారీ అంత ఏడుపూ ఏడుస్తుంది. అబద్ధం చెప్పడానికి మనసొప్పనివారు ‘నాన్నగారు గుర్తొచ్చారా? ఆయనకు ఏ కూర ఇష్టం?’ అని ఆయన గురించే మాట్లాడించవచ్చు.

నిజంగా గడప దాటి వెళ్ళిపోయేవారి విషయంలో ముందు జాగ్రత్తే మార్గం. గడియను కంటికి ఆనని ఎత్తులో బిగించండి, తలుపుకు గంట కట్టండి, కాని లోపల ఒంటరిగా పెట్టి బయట తాళం ఎప్పుడూ వేయకండి, నిప్పు అంటుకుంటే దారి ఉండదు. చొక్కాల లోపలి వైపు ఫోన్ నంబరు కుట్టించండి, చేతికి నంబరు చెక్కిన కడియం వేయండి. ఈ నెలలో తీసిన ఫోటో ఫోనులో ఉంచుకోండి. కనబడకపోతే చుట్టుపక్కల వెతుకుతూనే వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి, రాత్రి దాకా ఆగవద్దు. బావులు, చెరువు గట్లు, పాత ఆఫీసు దారి, బస్టాండు ముందు చూడవలసిన చోట్లు.

స్నానం దగ్గర జరిగే పెనుగులాటకు సిగ్గు, చలి, భయం మూడూ కారణాలే. తల మీద ఒక్కసారిగా చెంబుడు నీళ్ళు పడితే ఊపిరి ఆగినట్టవుతుంది. నీళ్ళు, తువ్వాలు, బట్టలు అన్నీ ముందే సిద్ధం చేసుకుని, జారని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీదా ఒడిలోనూ తువ్వాళ్ళు కప్పి, పాదాల నుంచి మొదలుపెట్టి, ఏ భాగం కడుగుతున్నారో ఆ భాగమే తెరిచి, నెమ్మదిగా పైకి రండి. చేతికి ఒక మగ్గు ఇచ్చి వారి చేతే కొన్ని నీళ్ళు పోయించండి. తలంటు వేరే రోజు పెట్టుకోండి. ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు చేయించడం మేలు. ఒప్పుకోని రోజున గోరువెచ్చని తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి వదిలేయండి. రోజూ స్నానం తప్పదన్న పట్టుదల మనది, వారి ఆరోగ్యానికి వారానికి రెండు మూడుసార్లు చాలు.

రాత్రి మేలుకుని తిరగడానికి విరుగుడు పగటిపూటే మొదలవుతుంది. ఉదయం గంటసేపు అరుగు మీదో బాల్కనీలోనో ఎండ వెలుతురులో కూర్చోబెట్టండి, నడిపించండి, మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి, మూడు తరువాత కాఫీ, టీ ఆపండి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర ఉంటే ఉదయానికి మార్చవచ్చేమో అడగండి. పడకకు ముందు మూత్రానికి తీసుకువెళ్ళి, బాత్రూము దారిలో చిన్న లైటు వెలగనివ్వండి. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం, కత్తిపీట, మందుల డబ్బా, యాసిడ్ సీసా తాళంలో పెట్టడం మరవకండి.

మంచం పక్కన పిల్లలు ఆడుకుంటున్నారని, గోడ మీద ఎవరో ఉన్నారని చెబితే ముందు అది వారిని భయపెడుతోందో లేదో చూడండి. భయం లేకపోతే ఏమీ చేయనక్కరలేదు. భయపడుతుంటే ‘నాకు కనబడటం లేదు గాని నేను పక్కనే ఉన్నాను’ అని చెప్పి గది మార్చండి. జబ్బు మొదట్లోనే ఇలాంటి దృశ్యాలు స్పష్టంగా కనబడుతూ, నడక పార్కిన్సన్స్ రోగిలా బిగిసిపోతూ ఉంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి, కారణం కింది అడుగులో ఉంది.

నలుగురిలో బట్టలు విప్పడం, అనుచితంగా తాకడం వంటివి జరిగితే సిగ్గుతో కేకలు వేయకుండా, తువ్వాలు కప్పి, పక్క గదికి నడిపించండి. బట్టలు విప్పడం చాలాసార్లు ఉక్కకో, దురదకో, మూత్రానికో సూచన.

చెయ్యి ఎత్తినప్పుడు మణికట్టు పట్టుకోకండి. రెండు అడుగులు వెనక్కు వేసి, కొంచెం పక్కకు నిలబడి, తలుపు దారికి మీరు అడ్డం లేకుండా చూసుకుని, గొంతు తగ్గించండి. చేయిస్తున్న పని అక్కడితో ఆపేసి, ప్రమాదం లేదనుకుంటే గదిలోంచి వెళ్ళి పావుగంట తరువాత కొత్త మనిషిలా తిరిగి రండి. కాళ్ళూ చేతులూ మంచానికి కట్టడం ఎప్పుడూ చేయకూడదు, అది భయాన్నీ గాయాలనూ పెంచుతుంది.

ఆరో అడుగు: మందు ఎప్పుడు, ఎంతకాలం

మా అమ్మను మొదట చూపించినచోట నోటు పుస్తకం తెరవకుండానే రెండు నిమిషాల్లో నిద్రమాత్ర రాసిచ్చారు. నాలుగో రాత్రి ఆమె బాత్రూములో పడిపోయింది. ఆల్ప్రజోలం, లోరాజెపామ్ వంటి మాత్రలు ఈ రోగులలో తూలిపడటాన్నీ, అయోమయాన్నీ పెంచుతాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చి వేయడం అంతకన్నా ప్రమాదం.

క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్ వంటి సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక స్థితి) మందులు ప్రవర్తనకు తరచుగా రాస్తారు. డిమెన్షియా ఉన్న వృద్ధులలో ఇవి మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందులకు, 2008లో పాత తరం మందులకు తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. సాధారణంగా పది వారాలు నడిచే ఇలాంటి మందుల ప్రయోగాలలో మందు తీసుకున్నవారిలో సుమారు 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 2.6 శాతం మంది మరణించారు. పక్షవాతం ముప్పు కూడా ఉంది. లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవారికి, అంటే పైన చెప్పిన దృశ్యాలూ బిగిసిన నడకా ఉన్నవారికి, ముఖ్యంగా హాలోపెరిడాల్ వంటివి ప్రాణాంతకం కావచ్చు.

దీనర్థం ఈ మందులు ఎన్నడూ వద్దని కాదు. పై అడుగులన్నీ ప్రయత్నించినా రోగి తనకో ఇతరులకో గాయం చేసే స్థితి ఉంటే, భ్రమలు తీవ్రంగా బాధిస్తుంటే వాడక తప్పదు. అప్పుడు వైద్యుడిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ లక్షణం కోసం ఇస్తున్నారు, ఎన్ని వారాల్లో ఫలితం చూడాలి, ఏ చెడు ప్రభావం కనబడితే ఫోన్ చేయాలి, ఎప్పుడు తగ్గించి ఆపడానికి ప్రయత్నిస్తారు. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తిరిగి సమీక్షించడం మంచి పద్ధతి. ఫలితం లేకపోతే ఆ మందును కొనసాగించడంలో అర్థం లేదు, అయితే మీకై మీరు ఒక్కసారిగా ఆపకండి. మందు నడుస్తున్నంతకాలం పుస్తకం రాస్తూనే ఉండండి, పని చేసిందో లేదో చెప్పేది అదే.

ఏడో అడుగు: చూసుకునే మనిషిని చూసుకోండి

చూసుకునేవారు అలసి విసిగి ఉన్న రోజున గొడవలు పెరుగుతాయని పుస్తకమే మీకు చూపిస్తుంది. మన ఇళ్ళలో ఈ పని దాదాపు ఎప్పుడూ ఒక్క ఆడమనిషి మీద పడుతుంది, మిగిలినవారు వచ్చి పలకరించి, సలహాలు చెప్పి వెళతారు. ఆ ఒక్కరికి వారంలో కనీసం ఒక పూట పూర్తి సెలవు, వారంలో రెండు రాత్రుల నిద్ర ఉండేలా కుటుంబమంతా కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. చెయ్యి చేసుకోవాలనిపించేంత కోపం వచ్చిందంటే మీరు చెడ్డవారని కాదు, ఆ రోజే ఇంకొకరు రావలసిన అవసరం ఉందని. మాట్లాడటానికి మనిషి కావాలంటే 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416లో తెలుగులోనూ కౌన్సెలర్లు పలుకుతారు. వృద్ధుల సహాయ నంబరు ఎల్డర్‌లైన్ 14567. డిమెన్షియా ఉన్న కుటుంబాలకు తోడ్పడటానికి 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

సెలవు తీసుకునే ముందు, మీ బదులు కూర్చునేవారి కోసం ఒక పేజీ రాయండి. ఏ పేరుతో, ఏ వరసతో పిలిస్తే పలుకుతారు, కాఫీలో చక్కెర ఎంత, మూత్రం వస్తే ఏ సైగ చేస్తారు, ఏ మాట అంటే కోపం వస్తుంది, ఏ పాటకు నెమ్మదిస్తారు, తెర ఎన్ని గంటలకు లాగాలి, మందులు ఎప్పుడెప్పుడు, ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితాన్ని పెద్ద అక్షరాలతో రాసి వంటగది తలుపు లోపలి వైపు అంటించండి. జబ్బు మారేకొద్దీ అందులోని మాటలూ మారుతాయి కాబట్టి నెలకొకసారి కొత్తది రాసి పెట్టండి.